గురువును కాదన్న శిష్యులు

మార్టూరు

చి. మనవడికి,



“అన్నిటికీ నీరే మూలం అన్న థేలీస్‌ని మొదటి తత్త్వవేత్త అంటారేంటి తాతయ్యా? తప్పని హైస్కూలు పిల్లాడికి కూడా తెలుసుగా!” అని ఫోన్లో అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు గనుక ఉత్తరం రాస్తున్నా.

తప్పే నాయనా. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తేనే నీరు అని 1783లో లెవోయిజర్ తేల్చాడు. నీ కెమిస్ట్రీ పుస్తకంలో ఇప్పుడు 118 మూలకాలున్నాయి, అందులో నీరు లేదు. కానీ థేలీస్ క్రీ.పూ. ఆరో శతాబ్దం మనిషి. ఊరు మిలేటస్, ఇప్పటి టర్కీ పడమటి తీరంలో ఉండేది. పిడుగు పడ్డా, భూమి కదిలినా దేవుళ్ళ కోపమే అనుకునే జనం మధ్య, కంటికి కనిపించే వస్తువుతోనే లోకాన్ని వివరించబోయాడు. ఆయన రాతలేవీ మిగల్లేదు. నీరు అని ఎందుకన్నాడో తర్వాతివాడైన అరిస్టాటిల్ ఊహించి చెప్పాడు: తినే తిండిలోనూ తడి ఉంది, విత్తనంలోనూ తడి ఉంది కనక. నల్లరేగడిలో పత్తి గింజ పెట్టి వాన కోసం మొగులు చూసే మన రైతుకు ఆ ఊహ వింతగా తోచదు.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. ఆయన శిష్యుడిగా పేరున్న అనాక్సిమాండర్, అదే ఊరివాడు, నీరు కాదన్నాడు. తడికీ పొడికీ, వేడికీ చలికీ పొసగదు. వాటిలో ఏ ఒక్కటి అనంతంగా ఉన్నా మిగతావి ఎప్పుడో నశించేవి. కాబట్టి మూలం ఇవేవీ కాని, హద్దుల్లేని పదార్థం అని వాదం. ఆ వెనక అనాక్సిమెనీస్ వచ్చి గాలి అన్నాడు. గాలి పలచబడితే నిప్పు, చిక్కబడేకొద్దీ మేఘం, నీరు, మన్ను, రాయి. రుజువు కూడా చూపించాడు. నువ్వూ చేసి చూడు: నోరు బాగా తెరిచి అరచేతి మీద ఊదు, వెచ్చగా ఉంటుంది. పెదాలు ముడిచి ఊదు, చల్లగా తగులుతుంది. నొక్కుకుపోయిన గాలి చల్లబడిందని ఆయన అనుకున్నాడు. నిజానికి ఆ సన్నటి ధార చుట్టుపక్కల గాలిని కలుపుకుని వస్తుంది, అందుకే చల్లదనం. తీర్పు తప్పినా, పరీక్ష ఎవరైనా చేసి చూడగలిగింది. అందుకే దాన్ని ఖండించడమూ వీలైంది.

కారణం చెప్పి, ఎదురుప్రశ్నకు చోటిచ్చే ఈ పద్ధతి మనవాళ్ళలోనూ ఉంది. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లలకు సులువుగా తెలియాలని ‘తర్కసంగ్రహం’ రాశాడు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు: ద్రవ్యాలు తొమ్మిదే అన్నాడు. తన పుస్తకానికి తనే ‘దీపిక’ అనే వ్యాఖ్య రాస్తూ ఎదుటిపక్షం అడిగే ప్రశ్న ముందే పెట్టాడు: చీకటి నల్లగా ఉంది, కదులుతోంది, మరి అది పదో ద్రవ్యం కాదా? చీకటి వస్తువు కాదు, వెలుగు లేకపోవడమే అని జవాబిచ్చాడు. గ్రీకులు గొప్పా మనవాళ్ళు గొప్పా అనే తగువులో పడకు. ఎవరు కారణం చెప్పారో, ఎవరు ఎదురుప్రశ్నను రానిచ్చారో చూడు.

కారణం అడగడం చదువుకే పరిమితం కాదు. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు, పక్క చేలో కొట్టారని ఆ మందే తెచ్చి కొట్టినవాళ్ళు మన చుట్టుపక్కల ఎందరో. ఎందుకు పనిచేస్తుందని అడిగినవాళ్ళు తక్కువ. డబ్బు పోయింది, పంటా పోయింది.

అందుకని చెబుతున్నా. కంఠతా పట్టిన ఒప్పు కన్నా కారణం చెప్పగలిగిన తప్పు మేలు, దాన్ని దిద్దుకోవచ్చు. లెక్చరర్ మాట నీకు సరిపడకపోతే వెనక నవ్వకు. క్లాసయ్యాక వెళ్ళి, నీ కారణంతో సహా వినయంగా అడుగు. ఆయన చెప్పింది నిలబడితే ఒప్పుకో. ఈ ఉత్తరంలో నిలబడని మాటేదైనా కనిపిస్తే మొహమాటపడక నాకూ రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య