ప్రతిబంధకం లేకపోవడమూ కారణమే

మొగుడంపల్లి 2016లో జహీరాబాద్ నుంచి వేరుపడి మండలమైంది. అటు కర్ణాటక సరిహద్దు, ఇటు చెరకు, అల్లం పండే నేలలు. ఈ ప్రాంతంలో బోరు మోటారు నడవనిదే సాగు సాగదు. వానాకాలం వచ్చిందంటే స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి రైతు పోయాడన్న కబురు తెలంగాణ పల్లెల్లో ఎక్కడో ఒకచోట వినపడుతుంది. పరామర్శకు వచ్చినవాళ్లు అనే మాట ఒకటే: "వానికి నూకలు చెల్లినయి, ఎవరేం జేస్తరు?"

ఆ మాట దుఃఖంలో ఉన్నవాళ్లకు ఊరట. మరి చావుకు కారణం చెప్పినట్టేనా?

మోటారు దగ్గర జరిగేది చూద్దాం. కరెంటును నెట్టేది వోల్టేజీ, అడ్డుకునేది నిరోధం. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే ఎంత కరెంటు పారుతుందో తెలుస్తుంది. జర్మనీలో బడిపంతులుగా పనిచేసిన గేయోర్గ్ ఓమ్ 1827లో ఈ సూత్రాన్ని పుస్తకంగా అచ్చేశాడు. అంతకు ముందే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్, కొలిచే పరికరం లేక, తన ఒంటికి తగిలిన షాక్ తీవ్రతనే కొలతగా పెట్టుకుని దీన్ని పట్టుకున్నాడు గానీ ప్రచురించలేదు.

పొడి చర్మం నిరోధం లక్ష ఓముల దాకా ఉండొచ్చు. 230 వోల్టుల తీగ తగిలితే పారేది రెండు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. చెయ్యి జివ్వుమంటుంది, అంతే. చేతులు తడిసి, ఉత్త కాళ్లతో బురదలో నిలబడితే ఆ నిరోధం వెయ్యి ఓములకు పడిపోగలదు. అప్పుడు పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి వంద చాలు. తీగ అదే, వోల్టేజీ అదే, మనిషీ అతనే. తగ్గింది అడ్డు ఒక్కటే.

అడ్డు లేకపోవడాన్ని కారణమనవచ్చా? మన తార్కికులు వందల ఏళ్ల కిందటే ఈ చర్చ చేశారు. నిప్పు కాలుస్తుంది, ఒకానొక మణి దగ్గరుంటే కాల్చదు అనుకుందాం. మణి నిప్పులోని శక్తిని పోగొట్టింది అన్నారు మీమాంసకులు. న్యాయదర్శనానికి చెందిన ఉదయనాచార్యుడు ఒప్పుకోలేదు. ప్రత్యేకంగా శక్తిని ఊహించనక్కర్లేదు, ప్రతిబంధకం లేకపోవడమూ కారణాల్లో ఒకటే అన్నాడు. నైయాయికులు దైవాన్ని కొట్టిపారేసినవాళ్లు కారు. ఈశ్వరుడు, కాలం, అదృష్టం ప్రతి కార్యానికీ ఉండే సాధారణ కారణాలన్నారు. ఫలానా కార్యానికి దాని అసాధారణ కారణాన్ని వేరుగా వెతకమన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టిన విద్యార్థికి తొలినాళ్లలోనే అబ్బే పద్ధతి ఇది. నుదుటి రాతను గట్టిగా నమ్మేవారు కూడా రాత దగ్గరే ఆగిపోతే సగం జవాబే చెప్పినట్టు.

మిగతా సగం పొలంలోనే ఉంది. మోటారు బాడీకి ఎర్తింగ్ సరిగ్గా ఉంటే, లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నా కరెంటు చాలామటుకు తక్కువ నిరోధమున్న ఆ దారినే భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజులో లావు తీగ చుట్టేస్తే అది కొట్టేయదు. ఎర్త్ గుంత ఎండిపోతే దాని నిరోధం పెరుగుతుంది. అందుకే ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోస్తారు.

రైతన్నలారా, ఈ వానలకు ముందే ఎర్త్ తీగ తెగిందేమో చూపించుకోండి, ఫ్యూజుకు తగిన తీగే వేయించండి, తడి చేత్తో స్టార్టర్ ముట్టకండి.