ఋణం మరవని రాణి

కొత్తపేట పక్కనే ఉన్న పలివెలలో శివుడికి కొప్పు ఉంటుంది. అందుకే ఆయన కొప్పేశ్వరుడు. ఆ స్థలపురాణం కోనసీమలో ఇంటింటా చెప్పుకునేదే. దర్శనానికి వచ్చిన రాజు చేతిలో అర్చకుడు పెట్టిన ప్రసాదంలో పొడవాటి వెంట్రుక కనబడింది. తప్పు ఒప్పుకుంటే తల పోతుందని హడలిపోయిన అర్చకుడు, ‘అది స్వామివారి కేశమే ప్రభూ’ అనేశాడు. ‘అలాగా, రేపొచ్చి ఆ జుట్టేదో చూస్తాను’ అన్నాడు రాజు. ఆ రాత్రంతా అర్చకుడు స్వామి ముందు పడి ఏడ్చాడు. తెల్లారి గుడి తలుపులు తీసేసరికి లింగం మీద కొప్పు ఉంది.

అబద్ధమాడినవాణ్ణి దేవుడు వెనకేసుకురావడం ఏమిటని అడిగేవాళ్ళూ ఉన్నారు. అర్చకుడు చేసింది ముమ్మాటికీ తప్పే. ఆ తప్పును శివుడు తన నెత్తిన వేసుకున్నాడు. ఒకరి భారాన్ని ఇంకొకరు తలకెత్తుకునే గుణం లోకంలో ఉంది కాబట్టే మనలో చాలామందిమి బతికి బట్టకట్టాం. కష్టాలు గడిచాక ఆ ఎత్తుకున్నవాళ్ళు మనకు గుర్తుంటారా అన్నదే అసలు పరీక్ష. ఆరువందల ఏళ్ళ కిందట ఈ గోదావరి గడ్డ మీద ఆ పరీక్షలో నెగ్గిన ఒక రాణి ఉంది. పేరు అనితల్లి.

ఆమె తండ్రి కాటయవేమారెడ్డి. కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి సోదరి మల్లాంబికను పెళ్ళాడి, ఆయనకు మంత్రిగా, సేనానిగా అండగా నిలిచాడు. ఆ సేవకు మెచ్చి కుమారగిరి రాజమహేంద్రవర రాజ్యాన్ని బావగారి చేతుల్లో పెట్టాడు. కాటయవేముడు కత్తి పట్టిన చేత్తోనే కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్య రాశాడు. ఆ వ్యాఖ్యకు తన పేరు పెట్టుకోలేదు, బావమరిది పేరు మీద ‘కుమారగిరిరాజీయం’ అన్నాడు. మేలు చేసినవాడి పేరు ముందు నిలబెట్టడం ఆ ఇంటి అలవాటు అనుకోవాలి. అయినవిల్లి దగ్గరి తొత్తరమూడి పేరుతో ఆయన రాగిరేకుల శాసనం ఒకటి చరిత్రకెక్కింది. అది శక 1333, అంటే 1411 నాటిది.

తరవాత మూడేళ్ళు తిరిగీ తిరగకముందే రోజులు తిరగబడ్డాయి. కుమారగిరి తరవాత కొండవీటి గద్దెనెక్కిన పెదకోమటి వేమారెడ్డికీ రాజమహేంద్రవరానికీ అప్పటికే పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. 1414 ప్రాంతంలో కాటయవేముడు కన్నుమూశాడు. పసివాడైన కొడుకును గద్దెనెక్కిస్తే, అతడూ ఎంతో కాలం దక్కలేదు. మేనమామ పోయాడు, తండ్రి పోయాడు, తోడబుట్టినవాడు పోయాడు. సరిహద్దు నిండా శత్రువులు. వారసురాలిగా మిగిలింది అనితల్లి ఒక్కతే.

అప్పుడు అడ్డు నిలిచినవాడు కాటయవేముడి సేనాని అల్లాడరెడ్డి. శత్రువులను తరిమి, చెదిరిపోబోయిన రాజ్యాన్ని కూడగట్టాడు. తన కొడుకు వీరభద్రారెడ్డికి అనితల్లినిచ్చి పెళ్ళి చేయించాడు. అల్లాడకు ఇందులో స్వార్థం ఏమీ లేదనలేం. కోడలితో పాటు రాజ్యమూ ఇంటికి నడిచొచ్చింది. అయినా ఆ పిల్ల హక్కును కాలరాయకుండా కాపాడాడన్నది కాదనలేని సంగతి.

ఇందులో గొప్పేముందని అనిపిస్తే ఆ శతాబ్దంలోనే యూరప్‌లో జరిగిన మరో కథ చూడండి. వెనిస్ నగరపు ఆడపడుచు కాతెరీనా కొర్నారో సైప్రస్ దీవికి కోడలైంది. 1473లో భర్త పోయాడు. మరుసటి ఏడు ఉయ్యాలలోని కొడుకూ పోయాడు. మా కూతురివంటూ వెనిస్ పెద్దలు కాపలాకు వచ్చారు. వచ్చినవాళ్ళు పగ్గాలన్నీ తమ గుప్పిట్లోకి తీసుకుని, 1489లో ఆమె చేతే రాజ్యాన్ని వదిలింపజేశారు. బదులుగా ఇటలీలో అసోలో అనే చిన్న ఊరు చేతిలో పెట్టారు. దిక్కులేని ఆడపిల్ల గద్దె మీద కూర్చుంటే అండగా వచ్చినవాళ్ళు ఏం చేయగలరో చెప్పడానికి ఈ కథ చాలు. తాను ఎంత పెద్ద గండం గడిచి బయటపడిందో అనితల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇన్ని దెబ్బలు తిన్న మనిషి మనసు రెండు దారుల్లో ఒకటి పడుతుంది. ‘నాకే ఎందుకిలా’ అని జీవితాంతం లెక్కలు కట్టుకోవడం ఒక దారి. ‘ఇంత జరిగినా నేనెలా మిగిలాను’ అని తనను తాను అడగడం రెండోది. అనితల్లి ఏ దారి పట్టిందో తెలియాలంటే 1423 నాటి ఆమె కలువచేరు శాసనం చదవాలి.

పరహిత వంశానికి చెందిన ఒక వైద్య పండితుడికి కలువచేరు గ్రామాన్ని ఆమె దానం చేసింది. దానశాసనం అంటే సాధారణంగా దాత వంశాన్ని ఆకాశానికెత్తే ప్రశస్తి. ఇందులోనూ ఆ ప్రశస్తి ఉంది. దానితోపాటు మరో కథా ఉంది. ఓరుగల్లు కూలి ప్రతాపరుద్రుడు అస్తమించాక దేశం పరాధీనమైన తీరు, ప్రోలయ నాయకుడు ప్రజలను కూడగట్టి నేలను విడిపించిన తీరు, ఆయన తరవాత కాపయ నాయకుడు డెబ్బై అయిదుగురు నాయకులతో కలిసి దాన్ని కాపాడిన తీరు ఆ రాగిరేకుల మీద ఉన్నాయి. ఈ ముసునూరి నాయకులు అనితల్లి పుట్టింటివారు కారు, మెట్టినింటివారూ కారు. ఓరుగల్లు పడింది 1323లో. సరిగ్గా వందేళ్ళ తరవాత, వాళ్ళ వారసులెవరూ వచ్చి అడగకుండానే, ఒక రాణి వాళ్ళ పేర్లు చెక్కించింది. ఆ ప్రోలయ నాయకుడు అగ్రహారంగా ఇచ్చిన విలస గ్రామం కూడా కోనమండలంలోనిదే. తాను ఏలుతున్న నేల తనకంటే ముందు ఎవరి చెమటతో, ఎవరి నెత్తుటితో నిలబడిందో ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి దాచుకోలేదు.

ఒక్క మాటలో ఇది ఋణస్మరణ. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత అంటుంది. ఋషుల ఋణం చదువుతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరతాయి. శతపథ బ్రాహ్మణం అక్కడ ఆగకుండా నాలుగోది చేర్చింది. అది మనుష్య ఋణం. తోటి మనుషులకు నీడనిచ్చి, అన్నం పెట్టి తీర్చుకోవాల్సిన బాకీ. మొదటి మూడింటికీ మనకు వ్రతాలున్నాయి, తద్దినాలున్నాయి, మంత్రాలున్నాయి. నాలుగోదానికి పంచాంగంలో తిథి లేదు. అందుకే మరచిపోవడం తేలిక.

కోనసీమకు ఈ నాలుగో ఋణం కొత్తేమీ కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను విరుచుకుపడినప్పుడు కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా నేలకొరిగాయి. తాటాకు ఇళ్ళు ఎగిరిపోయినవాళ్ళు డాబా ఇళ్ళలో తలదాచుకున్నారు. ఆ రాత్రి తలుపు తీసినవాళ్ళు కులమేదని, ఊరేదని అడగలేదు. నీడ, అన్నం అని శాస్త్రం చెప్పిన రెండూ ఒక్క రాత్రిలో చేతల్లోకి వచ్చాయి. ఇక మన చేలకు నీళ్ళిచ్చిన కాటన్ దొరది ఏ గోత్రం? గన్నవరం అక్విడక్టు మీదుగా కాలువ వైనతేయ గోదావరిని దాటుతున్నంత కాలం ఆ బాకీ ఖాతాలో ఉన్నట్టే. గోదావరి స్నానం చేయించే పురోహితులు ఆయన్ను తలచుకునే శ్లోకం చదివేవారని పెద్దలు చెబుతారు. కట్టుబాట్లు తెలిసిన ఆ పురోహితులకు పరాయి దేశస్థుణ్ణి తలచుకోవడం తప్పనిపించలేదు. అనితల్లి చేసిందీ అదే పని.

ఋణం తలచుకున్నంత మాత్రాన కష్టాలు ఆగిపోవు. అనితల్లి విషయంలోనూ ఆగలేదు. వీరభద్రారెడ్డి కొలువులో శ్రీనాథుడు కాశీఖండాన్ని అంకితమిచ్చిన వైభవమూ ఉంది, ఈశాన్యం నుంచి గజపతుల దండయాత్రలూ ఉన్నాయి. 1448 నాటికి రాజమహేంద్రవరం కపిలేశ్వర గజపతి వశమైంది. కృతజ్ఞత రక్షరేకు కాదు, కట్టుకుంటే ఆపదలు రావనడానికి. ఆపద మనసును ఇరుకు చేయకుండా చూడటం దాని పని. అన్నీ పోగొట్టుకున్న పిల్ల అందరినీ అనుమానించే రాణి కావడానికి ఎంతసేపు? ఆమె మాత్రం ముక్కూమొహం తెలియని నాయకుల పేర్లు తలచుకుని, రోగులకు మందిచ్చే ఒక వైద్యుడికి ఊరిచ్చింది. తాను పొందిన రక్షణ తనతో ఆగిపోకుండా మరొకరికి అందేలా చూసింది.

కార్తికంలో గోదావరి ఒడ్డున సంకల్పం చెప్పుకునేటప్పుడు మన గోత్రం, మన పేరు, మన ఇంటివాళ్ళ పేర్లు చెబుతాం. ఈసారి మనసులో ఇంకొక్క పేరు చేర్చుకుందాం. మన గోత్రం కానివాడు, మనకేమీ కానివాడు, ఏదో ఒక గడ్డు రోజున మన భారం తన నెత్తిన పెట్టుకున్నవాడు ఒకడుంటాడు. పేరు గుర్తొచ్చాక స్నానం ముగించి ఇంటికెళ్ళి ఊరుకోకూడదు. అతనికో, అతని పిల్లలకో, అతనిలాగే అవసరంలో ఉన్న ఇంకొకరికో చేతనైనంత తీర్చాలి. నాలుగో ఋణానికి వేరే మంత్రం లేదు.