అడిగి తెలిసికొనుట అవిధేయత కాదు

మేలు చేయు కార్యమునకు సైతము అనుమతి అడుగవలెనా? ఈ ప్రశ్నను ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లల యెదుట ఉంచవలెను. ఏలయనగా ఇది వారిని గూర్చిన ప్రశ్నయే.

2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను ఒక అధ్యయనములో భాగముగా 10 నుండి 14 ఏండ్ల బాలికలకు వేసిరి. వారు సుమారు 14,000 మంది. అనేకులు హాస్టళ్లలో చదువుకొను గిరిజన బాలికలు. విమర్శలు చెలరేగగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులే సంతకము చేసినట్లు తేలినది.

టీకా చెడ్డదని మనము చెప్పుట లేదు. ఆ కాలమున కొందరు బాలికలు మరణించిరి గాని, అందుకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మేలైనదని నేడు లోకము అంగీకరించుచున్నది. అయినను తప్పు తప్పే. బిడ్డకు అన్నము పెట్టి చదువు చెప్పుమని తలిదండ్రులు వార్డెనునకు అప్పగించిరి. ఆమె దేహముపై పరిశోధనకు ఒప్పుకొను అధికారమును అప్పగింపలేదు.

రోగికి చేయు చికిత్స అతని మేలు కొరకే. పరిశోధన ముఖ్యముగా కొత్త సంగతి తెలిసికొనుటకు. ఈ భేదమును పిల్లలు మొదట గ్రహింపవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకముల ప్రకారము, పరిశోధనలో తలిదండ్రుల సమ్మతితో పాటు 7 నుండి 12 ఏండ్ల పిల్లల అంగీకారమును నోటిమాటగాను, ఆపైన 18 ఏండ్ల వరకు వ్రాతమూలముగాను పొందవలెను.

పిల్లలు ప్రశ్నింప నేర్చినచో మంచి టీకాను కూడ వద్దందురని కొందరు భయపడుదురు. నిజమే, కొందరు అనవచ్చును. కాని విని గ్రహించిన బిడ్డకు వైద్యునిపై నమ్మకము కలుగును. మోసపోయితినని తరువాత తెలిసికొన్న బిడ్డ మంచి మందును సైతము అనుమానించును.

కావున ఉపాధ్యాయులారా, వార్డెనులారా, ఒక సమ్మతి పత్రమును తరగతిలో చదివించుడి. ఏమి చేయుదురు, ఎందుకు, హాని యేమి అని పిల్లల సొంత మాటలలో చెప్పించుడి. పిమ్మట ఇట్లడుగుడి: “నేను ఎదుట నిలిచియుండగా నీవు వద్దని చెప్పగలవా?” బిడ్డ తలవంచుకొని మౌనముగా నున్నచో, దానిని అంగీకారమని వ్రాసికొనకుడి. వద్దన్న బిడ్డను దండింపకుడి.