ఈవి యెప్పుడు అన్యాయమగును?

కూలి పెంచుట దోషమా? ఈ ప్రశ్న విని పాఠకులు నవ్వవచ్చును. అయినను మన దేశపు చట్టము ఒకానొక సమయమున కూలి పెంచుటను అన్యాయ కార్మిక ఆచరణలలో చేర్చినది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమునకు 1982లో సవరణ జరిగి, 1984లో అమలునకు వచ్చినది. దానితో చేరిన ఐదవ షెడ్యూలులో ఈ మాట కలదు: పనివారు సంఘము కట్టుకొను కీలక సమయమున ఆ యత్నమును నీరుగార్చు తలంపుతో యజమాని కూలి పెంచరాదు. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున అమలులోనున్న పారిశ్రామిక సంబంధాల స్మృతియు దీనిని విడువలేదు.

"పండుగకు బట్టలు పెట్టితిమి. పెండ్లికి బదులిచ్చితిమి. జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి తోడుకొని పోతిమి. నేడు వీరు జెండా పాతి, మాతో సమానముగా కూర్చుండి మాటలాడెదమనుచున్నారు" అని నొచ్చుకొను యజమానులను మన బంధువర్గముననే వినియున్నాను. వారి నొప్పి బూటకము కాదు. కాని ముల్లు ఆ "సమానముగా" అను మాటయందే యున్నది. ఇచ్చునప్పుడు చేయి పైనుండును. బేరమాడునప్పుడు ఇరువురి చేతులును ఒక్క ఎత్తున నుండవలెను. మొదటిదానికి అలవడినవానికి రెండవది కష్టము. చట్టము తప్పుపట్టినది ఈవిని కాదు, ఈవితో ఎదుటివాని నోరు మూయుటను.

ఇచ్చట కొందరు ఆయ్దక్కి లక్కమ్మ కథను ఎత్తుదురు. కల్యాణమున రాలిన బియ్యము ఏరు కాయకము చేసిన మారయ్య ఒకనాడు ఎక్కువ తేగా, ఆమె దానిని మరలించినదని కథ. "చూచితిరా, ఎక్కువ అడుగరాదు" అని దీనికి భాష్యము చెప్పుదురు. ఇది విపరీతార్థము. లక్కమ్మ త్రిప్పి పంపినది కూలిని కాదు, శ్రమకు మించినదానిని. ఆ కొలత పనివానికొక్కనికేనా? తన పెట్టెలోనిది తన కాయకమునకు మించినదా యని యజమానియు అడుగుకొనవలెను గదా!

సంఘముపై కినుక క్రొత్తది కాదు. 1918లో మద్రాసున సెల్వపతి శెట్టి, రామానుజులు నాయుడు మొదలగువారి పూనికతో, బి.పి.వాడియా అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ వెలసినది. బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల యాజమాన్యమైన బిన్నీ కంపెనీ వాడియా ప్రభృతులపై హైకోర్టు నుండి నిషేధపుటుత్తరువు పొందినది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము వచ్చుటకు ఆ వ్యాజ్యమొక ముఖ్యకారణము.

మరి "అతడు నా పనివాడే కాడు" అను వాదమున్నది. ధర్మవరమున పట్టును, నమూనాను ఇచ్చి నేతగాని యింటనే చీర నేయించుకొనువారికి ఇది సహజముగా తోచును. ఆంధ్రప్రదేశ్ నుండి సుప్రీంకోర్టునకు వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యమున, 1973లో, కుట్టుకు ఇంతయని కూలి పుచ్చుకొను దర్జీలును ఉద్యోగులేయని తీర్పు వచ్చినది. అచ్చట యంత్రములు దుకాణమువారివి. మగ్గమో, తరచు నేతగానిది. కావున ఆ తీర్పు మన నేతకు అట్లే అతుకదు. 1978లో కోళికోడు తాళ్ళ కర్మాగారపు వ్యాజ్యమున జస్టిస్ కృష్ణయ్యర్ మరింత లోతునకు పోయిరి. నడుమ గుత్తదారు ఉన్నను, పనివాని బ్రతుకుతెరువు ఎవ్వరి గుప్పిటనున్నదో వారే యజమాని యనిరి. చట్టపు చిక్కు ఎట్లున్నను, పట్టు ఆపినచో ఎవని పొయ్యి ఆరునో ఇరువురకును తెలియును.

పనివారికిని హద్దులు కలవు. యజమాని యింటి ముంగిట ప్రదర్శనలు చేయుట, ఘెరావు చేయుట ఆ షెడ్యూలుననే దోషములుగా నున్నవి. ఇంటనున్న ముదుసలి తల్లి కూలి నిర్ణయించునది కాదు గదా! సమ్మెకు పూర్వము పదునాలుగు దినముల నోటీసు నేడు అన్ని పరిశ్రమలలోను తప్పనిసరి. పూర్వము ప్రజోపయోగ సేవలకు మాత్రమే అట్టి నియమముండెడిది. ఈ గడువును పోలీసులను పిలుచుటకు వాడు యజమానియు కలడు, లెక్కల పుస్తకము తెరచి చూపుటకు వాడువాడును కలడు. పట్టు ధర, అమ్మకపు ధర, చీరకు చెల్లించు కూలి, ఈ మూడును నేతగాని యెదుట చదివినచో బేరము సగము తీరును. చదువుటకు జంకు కలిగినచో, ఆ జంకునకు కారణము ఆ పుస్తకముననే దొరకును.