మరియమ్మకు తోడైన ఎలీసబెతు
మూలవాక్యము: లూకా 1:36–58



గబ్రియేలు దూత మరియమ్మకు వర్తమానము చెప్పినప్పుడు, ఆమె బంధువురాలైన ఎలీసబెతుకు ఆరవ నెల అని కూడ తెలిపెను. దేవుడు ఆ చిన్నదానికి భారము అప్పగించిన దినముననే, ఆ భారమును ఎవరియొద్ద చెప్పుకొనవలెనో కూడ చూపించెను. అందుచేతనే ఆమె త్వరపడి యూదా కొండసీమకు వెళ్లెను.

ఎలీసబెతు ఏమి చేసెను? నెలలు లెక్కపెట్టలేదు. ఆరాలు తీయలేదు. మొదట దీవించెను. ఆమెయు ఐదు నెలలు ఇతరుల కంటబడక దాగియుండినదే. గొడ్రాలను నింద మోసినది ఒకతె, లోకనిందకు గురి కాగలది మరియొకతె. ఇద్దరును ఇంచుమించు మూడు నెలలు ఒక్క ఇంట నుండిరి. అప్పుడు జెకర్యా మూగవాడై యుండెను! స్త్రీల మాట ఆలకింపవలెనని సంఘ పెద్దలమైన మనకు అందులో పాఠమున్నది.

తెలుగువారు మధుర నాయకుల కాలమునుండి ఈ అరవదేశములో ఉన్నారు. మనకు రెండు భాషలును వచ్చును. అయితే ఒంగోలునుండియో నెల్లూరునుండియో కోయంబత్తూరుకు, మధురకు కోడలుగా వచ్చిన పిల్ల సంగతి ఆలోచించుడి. తల్లి దూరమున ఉన్నది. భర్త పనికి పోవును. ఆసుపత్రిలో నర్సమ్మ అడిగినది అర్థము కాక తల ఊపి వచ్చును. రాత్రివేళ కలిగిన భయమును అత్తగారితో చెప్పజాలదు.

తోడు అనునది ఆదరణ మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడ. 2005 మొదలు 2008 వరకు జార్ఖండ్, ఒడిశా రాష్ట్రముల ఆదివాసి గ్రామములలో ‘ఏక్‌జుట్’ అను సంస్థ స్త్రీలను నెలకొకసారి గుంపులుగా కూర్చి, కాన్పు కష్టములను గూర్చి మాటలాడించెను. 2010లో ప్రచురింపబడిన ఫలితముల ప్రకారము, చివరి రెండు సంవత్సరములలో, గుంపులు లేని ప్రాంతములకంటె అక్కడ పసికందుల మరణములు 45 శాతము తక్కువ.

కాబట్టి మన స్త్రీల సమాజము చేయదగినవి:

1. ప్రతి గర్భవతికి రెండు భాషలు వచ్చిన ఒక తల్లిని ఎలీసబెతుగా నియమింపవలెను. ఆమె పరీక్షలకు వెంట వెళ్లవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలున్నవి.

2. నెలకొకసారి గర్భవతులు, బాలింతలు కూడి మాటలాడుకొనవలెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని మరువరాదు. ఆమెకే తోడు ఎక్కువ అవసరము.

3. రక్తస్రావము, చూపు మసకబారి తీవ్రమైన తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గుట—వీటికి ఇరుగుపొరుగు సలహాలు చాలవు. ప్రార్థించుచునే 108కి ఫోను చేయవలెను.

ప్రియులారా, ఈ ఆదివారము మీ ప్రక్క బల్లపై కూర్చున్న గర్భవతిని ఎన్నవ నెల అని అడిగి ఊరకొనక, నీతో ఆసుపత్రికి ఎవరు వచ్చుచున్నారని అడుగుడి. ఎవరును లేరనినయెడల, ఆ పిలుపు మీకే.

ఎలీసబెతు ఇంటి తలుపువలె మన సంఘముల తలుపులను ప్రభువు తెరచి ఉంచును గాక. ఆమేన్.