బడికి పంపినంతటితో తీరునా?



జూన్ మాసము వచ్చినదంటే మన పల్లెలలో మూడేండ్లు, నాలుగేండ్లు నిండిన బిడ్డలను బడిలో చేర్చు సందడి మొదలగును. కొందరు ఊరి అంగన్‌వాడీకి పంపుదురు. కొందరు పసుపుపచ్చని బస్సు ఎక్కించి మండల కేంద్రములోని ఇంగ్లీషు మీడియము బడికి పంపుదురు. అందుకై అప్పుచేయువారును కలరు. కూలినాలి చేసికొను తండ్రి తన కడుపు మాడ్చుకొని బిడ్డ ఫీజు కట్టుట చూచినప్పుడు ఎవరి మనస్సైనను కరుగును. అది ప్రేమయే, దానిని తక్కువచేసి మాటలాడుట నాకిష్టము లేదు. అయితే ఫీజు కట్టి, సంచి తగిలించి, బస్సు ఎక్కించిన తరువాత ఆ బిడ్డ చదువు విషయములో మన బాధ్యత తీరినదా?

దీనికి అనేకులు చెప్పు జవాబు ఒకటున్నది. "అయ్యగారూ, మాకు అక్షరం ముక్క రాదు. మేమేం నేర్పుతాం? అందుకే గదా టీచరమ్మకు అప్పగించింది." ఈ మాటలో వినయమున్నది గాని ఒక పొరపాటుకూడ ఉన్నది. నాలుగేండ్ల బిడ్డ చదువంటే అక్షరములే అనుకొనుట ఆ పొరపాటు.

కిండర్‌గార్టెన్ అను మాట జర్మను భాషలోనిది. పిల్లల తోట అని దాని అర్థము. ఒక లూథరన్ పాదిరిగారి కుమారుడగు ఫ్రోబెల్, 1837లో బ్లాంకెన్‌బర్గు అను చిన్న పట్టణములో పసిబిడ్డల కొరకు ఒక శాల తెరచి, 1840లో దానికి ఈ పేరు పెట్టెను. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొన్నవాడాయన. ఆ పిల్లల చేతికి ఆయన మొదట ఇచ్చినది పలక కాదు, ఉన్నితో చేసిన రంగు బంతి. 1844లో ఆయన ఇంకొక పని చేసెను. తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆడింపదగిన వ్రేళ్ల ఆటలను, పాటలను చేర్చి ఒక పుస్తకము ప్రకటించెను. పిల్లల బడి కట్టినవాడే తల్లి ఒడి కొరకు పుస్తకము వ్రాసినాడు, గమనించుడి.

మరియా మాంటిస్సోరి సంగతియు ఇట్టిదే. ఈమె 1939లో మద్రాసుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అంతకు చాలకాలము ముందు, 1907 జనవరి 6న, రోమా నగరములోని సాన్ లొరెంజో అను బీదల పేటలో ఆమె మొదటి పిల్లల బడి తెరువబడెను. ఆ తల్లిదండ్రులలో అనేకులు చదువురాని కూలివారు. అయినను ఆ బడి నియమములలో ఒకటి ఏమనగా, తల్లి వారమునకు ఒక్కసారియైనను వచ్చి, ఇంటియొద్ద బిడ్డ ఎట్లుండునో ఉపాధ్యాయినితో మాటలాడవలెను. చదువు వచ్చిన తల్లులే రావలెనని అందులో లేదు.

మన ఊరి చిన్న తరగతిలో ఒక గంట కూర్చుండి చూడుడి. టీచరు చింతగింజలను, కందులను కలిపి పోసి వేరుచేయుమనును. బంకమట్టి ఇచ్చి పాము చేయుమనును. కథ చెప్పి, తరువాత ఏమి జరిగెనని అడుగును. "మామిడి, మల్లె, మంచము, ఇంకేమి?" అనును. చూచు తండ్రికి కోపము వచ్చును. ఆటలకా మేము బడికి పంపినది అని. గాని లెక్క పుట్టునది ఆ గింజలయొద్దనే. ఒకటి నుండి నూరు వరకు గడగడ చెప్పు బిడ్డను "నాలుగు గ్లాసులు తెమ్ము" అనుడి, కొన్నిసార్లు చేతికందినన్ని తెచ్చును. నోటికి వచ్చిన అంకె ఇంకను చేతికి రాలేదన్నమాట. మాట మొదటి ధ్వనిని చెవి పట్టుకొనుట వచ్చిన తరువాతనే అక్షరము కంటికి అర్థమగును. వ్రాత సంగతి చెప్పనక్కరలేదు. ఆ వయస్సున మణికట్టు ఎముకలే ఇంకను పూర్తిగా గట్టిపడవు. మట్టి పిసికిన వ్రేళ్లే కొంతకాలమునకు పెన్సిలు నిలువబట్టును.

ఈ పనులలో చదువురాని తల్లికి చేతగానిది ఏది? బియ్యములో రాళ్లు ఏరునప్పుడు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనవచ్చును. చిక్కుడుకాయలు ఈనె తీయించవచ్చును. ఉతికిన బట్టలలో నాన్నవి ఒక కుప్ప, చెల్లివి ఒక కుప్ప వేయించవచ్చును. ఇంట ఎందరమున్నామో లెక్కించి కంచములు పెట్టించవచ్చును. మన అమ్మమ్మలు వామనగుంటల పీటమీద రెండు వరుసల పద్నాలుగు గుంటలలో గింజలు పంచుచు నేర్పినది లెక్క కాక మరేమి? ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో బిడ్డలకు బోధించుటకు చెప్పబడిన తావులు చూడుడి. ఇల్లు, త్రోవ, పడుకొను వేళ, లేచు వేళ. పొలము గట్టున బిడ్డ చేయిపట్టుకొని నడుచు తల్లికి ఆ తావులన్నియు ఉన్నవి.

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పవలెను. బిడ్డ ఇంగ్లీషు బడిలో చేరగానే కొన్ని ఇండ్లలో తెలుగు మాటలు తగ్గిపోవుచున్నవి. "కమ్, సిట్, ఈట్" అను నాలుగు మాటలతో తల్లి సరిపెట్టుచున్నది. కుక్కపిల్లతోనైనను మనము ఇంతకంటె ఎక్కువ మాటలాడుదుము. కథ, సామెత, పొడుపుకథ, వరుసలు, పురుగు పేరు, మొక్క పేరు, ఇవన్నియు ఆమెకు వచ్చును గాని సిగ్గుచేత దాచుచున్నది. సాధ్యమైనచోట కనీసము 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధింపవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. మన భాషను మనమే బిడ్డ యెదుట చిన్నబుచ్చినచో, ఆ బిడ్డ మనలను ఏ కంటితో చూచును?

అసలు ప్రశ్న ఇక్కడనే ఉన్నది. "ఎదురింటివాడు ఏ బి సి డి వ్రాయుచున్నాడు, నీకేమి రోగము" అని నాలుగేండ్ల బిడ్డ వీపుమీద దెబ్బ వేయునప్పుడు, మనము కోరునది బిడ్డ మేలా, ఎదురింటివారి యెదుట మన పరువా? పిండెను పిసికిన పండగునా? ఆ దెబ్బతో అక్షరము రావచ్చును. అక్షరముతోకూడ భయమును వచ్చును, అది వెంటనే పోదు.

హన్నా పాలు విడిచిన సమూయేలును షిలోహులో ఏలీకి అప్పగించెను. అంత పూర్తిగా ఎవరు అప్పగించగలరు? అయినను 1 సమూయేలు 2:19 చదువుడి. ప్రతి సంవత్సరము ఆమె చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొనిపోయెను. అంగీ కుట్టవలెనంటే కొలత కావలెను గదా. నిరుటి కొలత ఈ ఏటికి చాలదు. దూరముననున్న బిడ్డ ఎంత ఎదిగియుండునో ఆ తల్లి ఏడాది పొడుగున మనస్సులో కొలుచుకొనుచుండెను. అతని పెంచుచున్న ఏలీయో, యాజకుడైయుండియు తన కుమారులను అదుపులో ఉంచలేకపోయెను. గురువున్నాడు గదా అని తల్లి ఊరకుండుటకు అక్కడ అవకాశము లేదు.

"పొద్దంతా నాట్లు వేసి వచ్చేసరికి నడుము విరుగుతుంది, ఇంకెక్కడి ఓపిక?" అను అక్కలున్నారు. వారి మాట న్యాయమైనది. ఈ భారమంతయు ఆమెమీదనే వేయుట ధర్మము కాదు. అరుగుమీద కూర్చుండి కబుర్లు చెప్పు తండ్రికి పది నిమిషములు లేవా? బిడ్డ ఏడ్చిన వెంటనే సెల్‌ఫోను చేతికిచ్చుట సులువే. గాని ఫోను చెప్పు కథలో బిడ్డ "ఎందుకు నాన్నా?" అని అడుగలేదు, అడిగినను అది వినదు. అన్నము పెట్టునప్పుడు "ఏమి వ్రాసినావు?" అని గాక "ఏమి ఆడినావు, ఎవరితో ఆడినావు?" అని అడిగి, చెప్పినంతసేపు వినినచో అదియే సగము పాఠము.

పనులకై దూరప్రాంతములకు వలసపోయి బిడ్డలను అవ్వలయొద్ద విడిచిన కుటుంబములు మన సంఘములలో తక్కువ కాదు. అట్టి అవ్వలు తమకు ఏమియు తెలియదని వెనుదీయనక్కరలేదు. తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాయుచు పౌలు అతని అవ్వ లోయిని తల్లికంటె ముందు పేర్కొనెను. అవ్వ బిడ్డను అంగన్‌వాడీలో దించి వెంటనే తిరిగిపోక, గుమ్మమునొద్ద కొంచెము నిలిచి, రాత్రి ఏ కథ అడిగినాడో, దేనికి భయపడినాడో టీచరుతో చెప్పవచ్చును. టీచరు ఆనాడు ఏ ఆట ఆడించబోవుచున్నదో అడిగి తెలిసికొని పోయినచో, సాయంకాలము ఇంటి వాకిట అదే ఆట మరల ఆడించవచ్చును.