ఎర్త్ తీగను చూచితిమా?



తెల్లవారుజామున పల్లెలో జీపు కదలకపోవుట చిన్న సంగతి కాదు. పురిటినొప్పులు పడుచున్న తల్లిని ఆసుపత్రికి చేర్చవలసిన బండి అదియే కావచ్చును. తాళము త్రిప్పగా టక్కుమని ఒక్క శబ్దము వచ్చి ఊరకుండును. దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది. ఇంజను మాత్రము తిరుగదు. బ్యాటరీ పోయినదని చుట్టు నిలిచినవారు తీర్పు చెప్పుదురు.

తొందరపడక విచారింతము. నిండు బ్యాటరీ ఊరకున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. తాళము త్రిప్పినప్పుడు దాని మొనలయొద్దనే పట్టిన మీటరు 9.6 వోల్టులకు దిగువకు పడిన యెడల బ్యాటరీని అనుమానింపవలెను. అట్లు గాక 12 వోల్టులకు పైగానే నిలిచి, సెల్ఫ్ మోటారు తిరుగనిచో, శక్తి యున్నది గాని చేరవలసిన చోటికి చేరుటలేదు.

బ్యాటరీకి తీగలు రెండు. ఎఱ్ఱ తీగ శక్తిని కొనిపోవును. ఎర్త్ తీగ బండి ఇనుమునుండి దానిని మరల బ్యాటరీకి తెచ్చును. తిరిగి వచ్చు త్రోవ మూయబడిన యెడల పోవు త్రోవయు నిలిచిపోవును. అనేకులు ఎఱ్ఱ తీగను తుడిచి, ఎర్త్ తీగను మరచెదరు. దాని బోల్టు క్రింద చిలుము పట్టును. హారనుకు కొద్దిపాటి విద్యుత్తు చాలును గనుక చిలుము దానిని పోనిచ్చును. సెల్ఫ్ మోటారుకు వంద ఆంపియర్లకు మించి కావలెను గనుక అక్కడ అడ్డగించును.

మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ మొనకును, మరియొక కొనను ఇంజను ఇనుమునకును తాకించి తాళము త్రిప్పుడి. అర వోల్టుకు మించి చూపిన యెడల దోషము ఆ త్రోవలోనే యున్నది. ముందుగా ఎర్త్ తీగను ఊడదీసి, చిలుమును గీకి, వంటసోడా నీటితో కడిగి, ఆరబెట్టి, బిగింపుడి. మరల తగిలించునప్పుడు దానిని చివరనే తగిలింపవలెను. బ్యాటరీయొద్ద నిప్పు ఉండరాదు.

ప్రియులారా, మన ఆత్మీయ జీవితమునకును తీగలు రెండు. ఒకటి దేవునినుండి మనకు వచ్చునది, మరియొకటి మననుండి పొరుగువానికి పోవునది. ప్రార్థన, వాక్యపఠనము, ఆరాధన అను మొదటి తీగను మనము శ్రద్ధగా తుడుచుచున్నాము. గట్టు తగాదాలో మాటలు మానిన అన్నదమ్ముని సంగతి యేమి? అదియే చిలుము. కీర్తన పాడుటకు అది అడ్డు రాదు, సాక్ష్యము చెప్పుటకును అడ్డు రాదు. వాని బిడ్డ జబ్బుపడి, రాత్రివేళ వాడు మన తలుపు తట్టినప్పుడు, ఆ బరువు మోయవలసిన గడియలో మనము కదలలేము.

నలుగురు కూడి త్రోసిన యెడల బండి ఒకవేళ కదలును. మరునాటి ఉదయము మరల త్రోయవలసినదే. ఉజ్జీవకూటములు మనలను త్రోయును. అవి మంచివే, గాని చిలుమును గీకవు. అర్పణను బలిపీఠమునొద్ద విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు సెలవిచ్చుటలోని భావమిదియే.

కావున వచ్చే ఆదివారము గుడికి రాకముందు ఆ ఒక్క గుమ్మము తొక్కుదము. తల్లి నొప్పులు పడు రాత్రి ఎప్పుడు వచ్చునో మనకు తెలియదు. బోల్టు బిగింపదగిన పగలు ఇదియే. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.